అడిగే గురువు: కోచింగ్ వృత్తి - నేడు, రేపు

కోచింగ్ అనగానే మన ప్రాంతపు విద్యార్థికి గుర్తుకు వచ్చేవి రెండే రెండు. ఒకటి నిన్నటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్. రెండు, గ్రూప్ పరీక్షలు. నందికొండ నుంచో, హాలియా నుంచో, దేవరకొండ నుంచో బస్సెక్కి హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఒక్క గదిలో నలుగురైదుగురం సర్దుకొని, నోట్సులు జిరాక్సు తీసుకొని చదవడమే మన దృష్టిలో కోచింగ్. అయితే ఇదే పేరుతో మరొక వృత్తి గత ముప్పై ఏళ్ళలో ప్రపంచమంతటా పెరిగి పెద్దదయింది. దాని పుట్టుక ఏమిటి, ఎదుగుదల ఎంత, అందులో మనబోటి రైతు బిడ్డలకు పనికివచ్చేది ఏమైనా ఉన్నదా అని విచారించడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

మాట పుట్టుక

హంగరీ దేశంలో కోచ్ అనే ఊరున్నది. అక్కడ తయారైన గుర్రపు బండికి ఆ ఊరి పేరే వచ్చింది. ఆ బండి ఇంగ్లండుకు చేరింది. 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టరును సరదాగా 'కోచ్' అని పిలవసాగారు. బండి మనిషిని ఊరు చేర్చినట్లే ఈయన పరీక్ష దాటిస్తాడన్నమాట! అంటే మన దిల్‌సుఖ్‌నగర్ అర్థమే ఆటల అర్థం కన్నా పాతది. తరువాతనే ఈ మాట ఆటస్థలంలోకి వచ్చింది. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన హైదరాబాదు వాసి ఎస్.ఎ. రహీం శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది.

వృత్తి ఎదుగుదల

ఆట నుంచి జీవితంలోకి ఈ మాటను తెచ్చిన వారిలో ముఖ్యుడు అమెరికా టెన్నిస్ శిక్షకుడు తిమోతీ గాల్వే. 1974లో ఆయన ఒక పుస్తకం ప్రకటించాడు. 'మోచెయ్యి ఇట్లా పెట్టు, కాలు అట్లా వెయ్యి' అని చెప్పేకొద్దీ ఆటగాడు బిగుసుకుపోతున్నాడనీ, బంతిని తానే గమనించేటట్లు చేస్తే తనంతట తానే సర్దుకుంటున్నాడనీ ఆయన కనిపెట్టిన సంగతి. ఇదే పద్ధతిని జాన్ విట్‌మోర్ కంపెనీల్లోకి తెచ్చి 1992లో పుస్తకంగా వెలువరించాడు. ఆయన ప్రచారం చేసిన నాలుగు మెట్లు సులువైనవే. నీకు ఏం కావాలె? ఇప్పుడు ఎక్కడున్నవు? ఉన్న దారులేమిటి? ఏం చేస్తవు, ఎప్పుడు చేస్తవు?

1995లో అమెరికాలో అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య ఏర్పడింది. దాని సర్వేల ప్రకారం 2019లో ప్రపంచంలో ఈ వృత్తిలో ఉన్నవారు సుమారు 71 వేలు. 2023 నివేదిక నాటికి 1 లక్షా 9 వేలు దాటారు. వార్షిక ఆదాయం సుమారు 456 కోట్ల డాలర్లు. నడుమ వచ్చిన కరోనా కాలంలో మనుషులు తెర మీద మాట్లాడుకోవడానికి అలవాటు పడటం కూడా ఈ వృత్తికి కలిసివచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. టీచరు తనకు తెలిసినది చెబుతాడు. అనుభవజ్ఞుడు తాను నడిచిన దారి చూపుతాడు. కౌన్సెలరు మనసుకు తగిలిన గాయాన్ని చూస్తాడు. కోచ్ మాత్రం అడుగుతాడు. జవాబు మన నోటి నుంచే రావాలి, నిర్ణయం మనదే కావాలి.

మన గడ్డ మీద

మన నందికొండ నీళ్ళ కింద మునిగిన విజయపురి ఒకనాటి విద్యాకేంద్రం. ఆచార్య నాగార్జునుడు సాతవాహన రాజుకు 'సుహృల్లేఖ' అనే ఉత్తరం రాశాడని సంప్రదాయం చెబుతున్నది. అంటే స్నేహితునికి లేఖ. రాజుకైనా ఒక మిత్రుడు పక్కన ఉండి మాట చెప్పాలని పెద్దలకు తెలుసు. కాని అది ఉపదేశం. అడిగే పద్ధతికి మన దగ్గర శాస్త్రీయంగా జరిగిన ప్రయోగం ఇటీవలిదే.

1962లో హైదరాబాదులో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఏర్పడింది. 1964లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌లెలాండ్ బృందం కాకినాడ చిన్న వ్యాపారులను సుమారు యాభై మందిని జట్లు జట్లుగా అక్కడికి పిలిపించింది. వాళ్ళకు పెట్టుబడి ఇయ్యలేదు, యంత్రాల సంగతి నేర్పలేదు. 'నీ లక్ష్యం ఏమిటి, దానికి అడ్డేమిటి, రేపు ఏం చేస్తావు' అని ఆలోచింపజేశారు. శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులతో తరువాత పోల్చి చూశారు. కాకినాడ వాళ్ళు కొత్త వ్యాపారాలు ఎక్కువగా మొదలుపెట్టారు, పెట్టుబడి ఎక్కువ పెట్టారు. 1969లో ఈ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. కోచింగ్ సమాఖ్య పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే తెలుగు నేల మీద ఈ పని జరిగిందన్న మాట!

పొలంలో కోచింగ్

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్ళు వదిలారు. జొన్నలు, ఆముదాలు పండించిన మెట్ట రైతు వరిలోకి దిగాడు. ఎరువు ఎంత, మందు ఎప్పుడు అని పైవాళ్ళు చెప్పడం, రైతు వినడం అలవాటయింది. పురుగు కనిపిస్తే మందు, కనిపించకపోయినా మందు. దోమపోటు తగ్గలేదు సరిగదా, పురుగును తినే పురుగులు కూడా చచ్చినవి.

1989లో ఇండోనేషియాలో ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ వేరే పద్ధతి ప్రారంభించింది. అదే మన రాష్ట్రంలోకి 'పొలంబడి'గా వచ్చింది. పాతిక ముప్పై మంది రైతులు వారానికొకసారి మడి దగ్గర చేరుతారు. దుబ్బులు లెక్కపెట్టి, శత్రు పురుగులెన్ని, సాలీళ్ళు, అక్షింతల పురుగుల వంటి మిత్ర పురుగులెన్ని అని కాగితం మీద బొమ్మ వేస్తారు. 'మందు కొట్టాలా సార్?' అని రైతు అడిగితే, నడిపించే మనిషి 'మీరు ఏం చూసిండ్రు?' అని తిరిగి అడుగుతాడు. మా నాయన వంటి రైతులకు ఇది మొదట వింతగా ఉంటుంది. "తెలుసుకుందామని వస్తే మమ్ముల్నే అడగవడితివి" అంటారు. కాని తాను లెక్కపెట్టి తీసుకున్న నిర్ణయాన్ని రైతు మరచిపోడు. కంపెనీల్లో వేల రూపాయలు పోసి కొనుక్కునే కోచింగ్ సారం ఇదే.

హద్దులు

అయితే కోచింగ్ మంత్రదండం కాదు. కాకినాడ ప్రయోగంలోనే ఒక సత్యం బయటపడింది. తన దుకాణంలో నిర్ణయం తన చేతిలో ఉన్నవాడే ఎక్కువ మారాడు, ఇంకొకరి కింద ఉన్నవాడు అంతగా మారలేదు. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్ళు రాని ఏడు 'నీ లక్ష్యం ఏమిటి' అని రైతును అడిగితే ఏం లాభం? ఫీజు కట్టలేని విద్యార్థికి ప్రశ్న కన్నా ముందు స్కాలర్‌షిప్ అందాలి. సమాజం చేయవలసిన పనిని మనిషి మనసు మీదికి నెట్టడానికి కోచింగ్‌ను సాకు చేయరాదు.

రెండవది, మన దేశంలో ఎవరైనా 'నేను లైఫ్ కోచ్‌ను' అని బోర్డు పెట్టుకోవచ్చు. డాక్టరుకు, వకీలుకు ఉన్నటువంటి చట్టం దీనికి లేదు. మూడవది, కృత్రిమ మేధ. ఫోను కూడా ఈనాడు ఓపికగా ప్రశ్నలు అడుగుతుంది. మామూలు ప్రశ్నల కోచింగ్ చౌక కావచ్చు. కాని మన మౌనాన్ని గుర్తుపట్టి, వచ్చే వారం ఎదురుపడి 'చేసినవా?' అని అడిగే మనిషి విలువ తగ్గదని నా అభిప్రాయం.

మనమేం చేయగలం?

మనలో చాలామంది ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం. 'ఏం చదువుతున్నవు, ఎప్పుడు నౌకరి వస్తది' అని అడిగేవాళ్ళు ఉన్నారు గాని, 'నీకు ఏం కావాలె' అని అడిగేవాళ్ళు తక్కువ. ఆ ప్రశ్న ఎవరూ అడగనందువల్ల ఏళ్ళకేళ్ళు పరీక్షలు రాసి, అప్పు చేసి, చివరకు కుంగిపోయే మిత్రులున్నారు. వందమంది, అంతకు పైబడి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలరు ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. దాన్ని అడిగి అమలు చేయించుకోవడం విద్యార్థి సంఘం బాధ్యత.

దానితోపాటు మన చేతిలో ఉన్న పని ఒకటున్నది. వారానికి ఒక గంట ఇద్దరిద్దరం కూర్చుందాం. ఒకరు మాట్లాడాలి, ఒకరు ఆ నాలుగు ప్రశ్నలు అడగాలి. నియమాలు మూడు. సలహా ఇయ్యరాదు. విన్నది బయట చెప్పరాదు. స్నేహితుడు ప్రాణం మీదికి తెచ్చుకునేటట్లు కనిపిస్తే మాత్రం ఆ గుట్టు దాచరాదు. వెంటనే పెద్దలకు చెప్పి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి, ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయాలి.

దీనికి ఫీజు లేదు, బస్సు చార్జీ లేదు. ఒక ఖాళీ తరగతి గది, రెండు కుర్చీలు చాలు. మిత్రులారా, ఈ సంవత్సరమే మొదలు పెడదామా?