ముదిమిలో పెద్దల సొమ్ము ఎవరు చూడవలెను?

పాఠ్యభాగములు: 2 సమూయేలు 19:31–39, 2 కొరింథీయులకు 8:16–22



మన చింతలపూడి పల్లెలలో కొద్దిపాటి మామిడితోటయో, పామాయిల్ తోటయో, రెండెకరముల మెట్ట భూమియో గల వృద్ధులు అనేకులున్నారు. ఏమియు లేనివారికైనను నెలనెల వచ్చు పింఛను ఉన్నది. అది 2024 జూలై నుండి 4,000 రూపాయలైనది. వీరిలో కొందరికి మతిమరుపు జబ్బు వచ్చుచున్నది. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. నిన్న పుచ్చుకొన్న కౌలు సొమ్ము నేడు ముట్టలేదందురు. తీర్చిన అప్పునే మరల తీర్తురు. ఎవరు కాగితము చూపినను వేలిముద్ర వేయుదురు. అప్పుడు వీరి డబ్బు ఎవరు చూడవలెనను ప్రశ్న పుట్టును. దీనివలన అన్నదమ్ములకు మాటలు లేకపోయిన ఇండ్లు మనమెరుగుదుము.

1. పెద్దవారినే ముందు అడుగవలెను

దావీదు కష్టకాలములో అతనికి ఆహారము తెచ్చిన బర్జిల్లయి ధనవంతుడు. రాజు అతనిని యెరూషలేమునకు రమ్మనెను. తనకు ఎనుబదియేండ్లు వచ్చినవనియు, మంచి చెడ్డలు పోల్చుకొను శక్తియు, తిండి రుచియు తగ్గినవనియు అతడు దాపరికము లేక చెప్పి, తనకు బదులుగా కింహామును తీసికొనిపొమ్మనెను. ఇందులో మనకు పాఠమున్నది. అతనికి మతి పోలేదు. అది నిలిచియుండగానే తన తరువాత ఎవరో తన నోటితో చెప్పెను.

మన ఇండ్లలో దీనికి సిగ్గుపడుదుము. "నాన్నకు పిచ్చి అందురా?" అని దాచుదుము. ఇది పిచ్చి కాదు, శాపము కాదు, మెదడునకు వచ్చు వ్యాధి. థైరాయిడు లోపము, బి12 విటమిను లోపము వంటివాటివలన వచ్చు మరపు మందులతో తగ్గవచ్చును. కావున ముందు వైద్యునికి చూపించి, పెద్దవారికి తెలివి ఉన్నప్పుడే అందరి ఎదుట వారి కోరిక అడిగి వ్రాసికొనవలెను.

2. ఒక్క చేయి చాలదు

యెరూషలేములోని బీదల కొరకు కూర్చిన చందాను పౌలు ఒక్కనిచేత పంపలేదు. తీతుతో మరి ఇద్దరు సహోదరులను పంపెను. మనుష్యుల దృష్టికిని నింద లేకుండవలెనని అతని తాత్పర్యము. తీతు నమ్మకస్థుడు కాడని కాదు. నమ్మకస్థునికే ఈ కాపుదల అవసరము.

కావున ఖర్చుపెట్టు చేయి ఒకటి, లెక్క చూచు కన్ను మరొకటి ఉండవలెను. పెద్దకుమారుడే చూడవలెనను నియమము లేదు. దినదినము స్నానము చేయించి అన్నము పెట్టు కుమార్తెకో కోడలికో ఖర్చు సొమ్ము అందవలెను. దూరముననున్నవారు నెలకొకసారి పుస్తకము చూడవలెను. ఆ సొమ్ము మొదట ఆ వృద్ధుల మందునకును అన్నమునకును చెందినది; వారసుల వాటా తరువాతి మాట. చూపు మందగించిన ఇస్సాకు ఎదుట రిబ్కాయు యాకోబును చేసిన మోసమువలన ఆశీర్వాదము దొరికెను గాని ఇల్లు చీలిపోయెను.

సంఘ పెద్దలును పాదిరిగారును సాక్షులుగా ఉండవచ్చును. సొమ్ము మాత్రము వారు పట్టరాదు. మతి తప్పినవారు ఉన్నట్టుండి ఇచ్చు పెద్ద కానుకను ఇంటివారికి తెలియక పుచ్చుకొనరాదు.

3. చట్టము సంగతి

పవర్ ఆఫ్ అటార్నీ వ్రాయించితిమి, చాలునని అనేకులు తలంతురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, వ్రాసినవారి మతి పోయినప్పుడు ఆ అధికారమును ముగియును. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము క్రింద ప్రతినిధిని పేర్కొనవచ్చును గాని, ఆ ప్రతినిధి వైద్యము విషయములోనే పలుకును, ఆస్తి విషయములో కాదు. మతి పోయిన తరువాత భూమి అమ్మవలసివచ్చినచో సంరక్షకుని నియమింపుమని హైకోర్టును ఆశ్రయింపవలసియుండును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పరచును.

తెలివియున్నప్పుడు చేయదగినవి సులభము: బ్యాంకు ఖాతాలో నమ్మకమైన మరియొకరి పేరు చేర్చుట, నామినీ వ్రాయించుట, వైద్యుని సాక్ష్యముతో వీలునామా వ్రాయుట. బిడ్డలకు భూమి దానముగా వ్రాయునప్పుడు, తమ్మును పోషింపవలెనను షరతు దస్తావేజులో ఉండవలెను. అట్లున్నచో, పోషింపని యెడల 2007 నాటి వయోవృద్ధుల చట్టము క్రింద ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దుచేయగలదు. వృద్ధులకు అన్యాయము జరిగినచో 14567 నంబరునకు ఫోను చేయవచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఇంటి పెద్దలు తమ సొమ్ము ఎవరు చూడవలెనని కోరుచున్నారో మనము అడిగితిమా?

2. వారి పింఛను పుచ్చుకొనుచున్నవారు ఎవరికి లెక్క చెప్పుచున్నారు?

3. సేవచేయుచున్న స్త్రీ చేతిలో ఖర్చునకు సొమ్మున్నదా?

ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబమంతయు పెద్దవారి మంచముచుట్టు కూర్చుండి ఈ సంగతి మాటలాడుకొందము. పెద్దవారి మాట వారి నోటనే వినగలుగు దినములు మనకింకను ఉన్నప్పుడే వినుదము.