ఐస్ బాక్స్ కొనే ముందు మూత తట్టి చూడండి: పాలు, ఆకుకూరలు పట్నం చేర్చే రైతులకు నా అనుభవం



పై వీడియోలో నేను రంపంతో కోసిన నీలం రంగు ఐస్ బాక్స్ చూశారు కదా. దాన్ని 1,100 రూపాయలు పెట్టి కొన్నాను. రెండు వేసవులు కూడా నిలవలేదు. ఎందుకు కోశానో, కోస్తే లోపల ఏం కనపడిందో వీడియోలో చూపించాను. ఎలాంటిది కొనాలి, కొన్నాక ఎలా వాడాలి అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు ఏం జరిగింది

మాది వికారాబాద్ వైపు. నాటు ఆవుల పాలు, ఆకుకూరలు వారానికి రెండుసార్లు హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల ఇళ్లకు ఇస్తాం. మధ్యలో దళారి లేడు. మా మాట మీద నమ్మకంతోనే వాళ్లు కొంటున్నారు.

ఏప్రిల్ నెల. పొద్దున్నే పితికిన పది లీటర్ల పాలు స్టీలు క్యానులో పోసి, ఐస్ బాక్స్‌లో పెట్టి, చుట్టూ నాలుగు కిలోల ఐస్ వేసి బయలుదేరాను. చివరి ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరే ఫోన్లు. కాచగానే పాలు విరిగిపోయాయట. అందరికీ డబ్బులు తిరిగి ఇచ్చేశాను. ఆ నష్టం పెద్దది కాదు. కానీ ఒకామె, "రసాయనాలు లేకపోతే పాలు ఆగవా అండీ?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. తప్పు నా పెట్టెలో ఉంటే, మాట మాత్రం ప్రకృతి వ్యవసాయం మీద పడింది. తర్వాతి వారం మూడిళ్లవాళ్లు పాలు వద్దన్నారు.

కోస్తే ఏం కనపడింది

ముందు తప్పంతా పెట్టెదే అనుకున్నాను. అప్పటికే మూత బందు ఒకటి విరిగింది, తాడుతో కట్టి వాడుతున్నాను. ఎలాగూ పోయింది కదా అని రంపం పెట్టాను.

పక్క గోడల్లో రెండు సెంటీమీటర్ల థర్మాకోల్ ఉంది. అడుగున ఇంకొంచెం పలుచగా ఉంది. మూత కోస్తే లోపల ఏమీ లేదు! పైన ఒక ప్లాస్టిక్ రేకు, కింద ఒక రేకు, మధ్యలో గాలి. ఎండ పడేది మూత మీద, సరుకు కోసం మనం పదిసార్లు తెరిచేది మూతనే. ఆ మూతే బోలు. చవక రకాల్లో చాలావాటికి ఇదే తీరు. బయటి నుంచి చూస్తే తెలియదు.

లెక్క వేస్తే సగం తప్పు నాదే

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఒక కిలో ఐస్ కరిగి నీరు కావడానికి ఎంత వేడి తీసుకుంటుందో తెలుసా? ఆ వేడితో ఒక కిలో నీళ్లను 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఐస్ బలం అంతా ఆ కరగడంలోనే ఉంది.

అప్పుడే పితికిన పాలు 35 డిగ్రీల పైనే ఉంటాయి. పది లీటర్ల పాలను 35 నుంచి 5 డిగ్రీలకు దించాలంటే దాదాపు మూడున్నర కిలోల ఐస్ కరగాలి. నేను వేసింది నాలుగు కిలోలు. అంటే ఆ ఐస్ దాదాపు అంతా పాలను చల్లబరచడానికే సరిపోతుంది, ఇక దారిలో ఎండను తట్టుకోవడానికి మిగిలేదేముంది? పైగా పెద్ద క్యానులో పాలు కదలకుండా ఉంటే మధ్య భాగం చల్లబడటానికి గంటలు పడుతుంది. ఈలోగా సూక్ష్మజీవులు పెరిగిపోతాయి.

అందుకే ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: ఐస్ బాక్స్ ఫ్రిజ్ కాదు. అది చల్లబరిచేది కాదు, చల్లగా ఉన్నదాన్ని కాపాడేది. మంచి పెట్టె ఎంత ఖరీదు పెట్టి కొన్నా, వేడి పాలు పెడితే ఇదే గతి.

ఇప్పుడు పాలు పితకగానే క్యానును నీళ్ల తొట్టిలో దించి, శుభ్రమైన గరిటెతో కలుపుతాం. బోరు నీళ్లతో 27, 28 డిగ్రీలకు దిగినా ఒక కిలో ఐస్ మిగిలినట్టే. తర్వాత ఐస్ నీళ్ల తొట్టిలోకి మార్చి, బాగా చల్లబడ్డాకే పెట్టెలోకి పెడతాం. పది లీటర్ల క్యాను మానేసి రెండేసి లీటర్ల స్టీలు క్యానులు వాడుతున్నాం. చిన్నవి త్వరగా చల్లబడతాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి

1. మూత. షాపులోనే వేళ్లతో తట్టండి. డప్పులా బోలుగా మోగితే లోపల ఏమీ లేదని అనుమానించాలి. నిండుగా, మొద్దుగా వినపడాలి. మూత బరువు చేతికి తెలియాలి.

2. గోడలో ఏముంది, ఎంత మందం. థర్మాకోల్ కంటే పఫ్ మేలు. అదే మందంలో వేడిని ఇంకా తక్కువగా లోపలికి రానిస్తుంది. గోడ మందం సగమైతే లోపలికి వచ్చే వేడి రెట్టింపవుతుంది. 50 లీటర్ల పెట్టెకు 4 సెంటీమీటర్ల పఫ్ ఉంటే, మన వేసవిలో గోడల గుండా వచ్చే వేడికే రోజుకు సుమారు 5 కిలోల ఐస్ కరుగుతుంది. 2 సెంటీమీటర్లే ఉంటే 10 కిలోలు. మందం తెలుసుకోవాలంటే పెట్టెను బయట ఒకసారి, లోపల ఒకసారి టేపుతో కొలవండి. తేడాలో సగం ఒక గోడ మందం.

3. మూత చుట్టూ రబ్బరు. ఫ్రిజ్ తలుపుకు ఉండేలాంటి రబ్బరు మూత చుట్టూ ఉండాలి. ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి మూత బిగించి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే ఆ సందులోంచి చల్లదనం పోతుంది. నాలుగు వైపులా ఇలాగే చూడండి.

4. బందులు, క్లిప్పులు, పిడులు. మన్నిక ఇక్కడే తేలుతుంది. పెట్టె గోడ పగిలి పోయినవి తక్కువ, బందు విరిగి పోయినవి ఎక్కువ. సన్నటి ప్లాస్టిక్ బందులు రెండు ఉన్నదానికంటే, మూత పొడవునా కడ్డీ ఉన్నది నయం. లాగి బిగించే రబ్బరు క్లిప్పులు విరగవు, పాతబడితే మార్చుకోవచ్చు. విడిభాగాలు దొరుకుతాయా అని కొనేముందే అడగండి.

5. తయారీ తీరు. రోటో మౌల్డింగ్ అనే పద్ధతి ఉంది. ప్లాస్టిక్ పొడిని అచ్చులో వేసి, వేడి చేస్తూ తిప్పుతారు. గోడ అతుకు లేకుండా ఒకే ముక్కగా, మందంగా వస్తుంది. తర్వాత మధ్యలో పఫ్ నింపుతారు. చేపల వ్యాపారంలో మొరటుగా వాడినా తట్టుకునే పెద్ద పెట్టెలు చాలావరకు ఇలాంటివే. అమెరికాలోని టెక్సాస్‌లో 2006లో ఇద్దరు అన్నదమ్ములు 'యెతి' కంపెనీ మొదలుపెట్టిందీ ఈ బాధతోనే. చేపల వేటకు వెళ్తే మూతలు కుంగిపోయేవి, పిడులు ఊడిపోయేవి. మన బాధా అదే! ఈ రకం బరువు ఎక్కువ, ధర ఎక్కువ. ట్రాలీ ఆటోలో వెళ్లేవారికి సరిపోతుంది. బండి మీద వెళ్లేవారికి పఫ్ నింపిన మూత ఉన్న చిన్న మామూలు పెట్టె చాలు.

6. సైజు. పెద్దది కొంటే మంచిదని అనుకోకండి. ఖాళీ జాగా కూడా ఐస్‌ను తినేస్తుంది. మీ సరుకు, దానికి కావలసిన ఐస్ కలిపి నిండుగా పట్టేది తీసుకోండి. నిండిన పెట్టెను ఇద్దరు ఎత్తగలగాలి.

7. చిన్న విషయాలు. రంగు తెలుపు లేదా లేతది ఉండాలి. అడుగున నీళ్లు వదిలే బిరడా ఉండాలి. లోపలి మూలలు గుండ్రంగా ఉంటే కడగడం తేలిక. లోపలి ప్లాస్టిక్ ఆహారానికి పనికొచ్చేదై ఉండాలి.

"ఐదు రోజులు ఐస్ ఉంటుంది" అని డబ్బా మీద రాసినదాన్ని చూసి కొనకండి. అలాంటి లెక్కలు మామూలుగా పెట్టె నిండా ఐస్ నింపి, మూత తీయకుండా చూసినవి. మనం ఇల్లిల్లూ ఆగి తెరుస్తాం.

ఇంట్లోనే పరీక్ష

నేను ఇప్పుడు వాడేది మొదటి పెట్టెకు దాదాపు నాలుగు రెట్లు ధర. కొన్నాక వెంటనే పాలు పెట్టలేదు. అయిదు కిలోల ఐస్ తూచి వేసి, నీడలో పెట్టి, మర్నాడు అదే వేళకు నీళ్లు వంచేసి మిగిలిన గడ్డను మళ్లీ తూచాను. మీరూ ఇలాగే చేయండి. ఎంత కరిగిందో అదే మీ పెట్టె రోజుకూలీ. దానికి మీ సరుకును కాపాడే ఐస్ కలుపుకుంటే రేపు ఎంత కావాలో తెలుస్తుంది. ఏటా వేసవి మొదట్లో ఒకసారి ఈ పరీక్ష చేస్తే రబ్బరు పాడైన సంగతీ బయటపడుతుంది.

సర్దే పద్ధతి

ముందు రాత్రే పెట్టెలో రెండు ఐస్ సీసాలు వేసి మూత పెట్టండి. ఎండలో ఉన్న పెట్టె గోడలే పొద్దున మీ ఐస్‌ను సగం తినేయకుండా ఉంటాయి. సీసాలో నీళ్లు నిండా పోయకండి, గడ్డకట్టినప్పుడు ఉబ్బి పగులుతుంది. పదో వంతు ఖాళీ వదలండి. సీసా ఐస్‌తో ఇంకో లాభం: కరిగిన నీళ్లు సరుకుకు తగలవు. చేపలకు వాడే ఐస్ తాగే నీటితో చేసింది కాకపోవచ్చు, దాన్ని తినే సరుకుకు తాకించకండి.

చల్లదనం కిందికి దిగుతుంది. అందుకే కొంత ఐస్ అడుగున, కొంత పైన. ముందు దిగే సరుకు పైన ఉండాలి. ఆటోలో పెట్టె మీద ఒక తడి గోనెపట్టా కప్పండి.

ఆకుకూరలకు ఐస్ నేరుగా తగిలితే ఆకు నల్లబడుతుంది. పాలకూర, తోటకూర, కొత్తిమీర కట్టలను పలుచటి తడి గుడ్డలో చుట్టి, ఐస్‌కూ వాటికీ మధ్య ఒక అట్టముక్క పెట్టండి.

ఐస్ బాక్స్‌లో పెట్టకూడనివి

టమాట, వంకాయ, బెండ, కీర దోస, మామిడి, అరటి. ఇవి 10 డిగ్రీల కంటే బాగా చల్లబడితే దెబ్బతింటాయి. మచ్చలు పడతాయి, రుచి పోతుంది. వీటికి గాలి ఆడే బుట్ట, పైన తడి గోనె చాలు. తెలంగాణ, రాయలసీమ పొడి ఎండల్లో తడి గోనె బాగా పని చేస్తుంది. కోస్తా ఉక్కపోతలో నీరు ఆరదు కాబట్టి అంత పని చేయదు. ఇక జీవామృతం, పంచగవ్య సీసాలు పాలున్న పెట్టెలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి.

కోళ్ల టీకా తెచ్చుకునేవారికి

నాటుకోళ్లు పెంచేవారికి ఈ పెట్టె ఇంకో రకంగా అవసరం. కొక్కెర తెగులుకు వేసే లసోట టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పట్నం నుంచి జేబులో వేసుకుని తెస్తే కోడికి వేసేది మందు కాదు, ఉత్త నీళ్లే. అలాగని అన్ని టీకాలనూ గడ్డ ఐస్‌కు ఆనించకూడదు. పశువుల గాలికుంటు టీకా లాంటివి గడ్డకడితే పనికిరావు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడ్డాకే పెట్టెలో పెట్టాలి. పిల్లలకు టీకాలు తీసుకెళ్లేటప్పుడు ఆరోగ్య సిబ్బంది చేసేదీ ఇదే. టీకాకు, పాలకు వేర్వేరు పెట్టెలు ఉండాలి.

కడగడం

వాడిన రోజే గోరువెచ్చటి నీళ్లు, వంట సోడాతో కడిగి, బిరడా తీసి, మూత తెరిచి ఆరబెట్టండి. తడిగా మూసిపెడితే రబ్బరు సందులో బూజు పడుతుంది. ఆ వాసన పాలకు పడుతుంది.

పాలు వద్దన్న ఆ మూడిళ్లలో రెండిళ్లు మళ్లీ తీసుకుంటున్నాయి. మూడో ఇంటికి నేనే వెళ్లి, తప్పు పాలది కాదు, నేను తెచ్చిన పద్ధతిదని చెప్పి వచ్చాను. ఏడాదంతా ఆవును, నేలను కాపాడుకుంటాం. చివరి నాలుగు గంటలు కూడా మన వ్యవసాయంలో భాగమేనండి. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు రంగు చూడకముందే మూత తట్టి చూడండి. మీ పెట్టెలో అయిదు కిలోలకు మర్నాటికి ఎంత మిగిలిందో తూచి రాయండి, అందరికీ ఉపయోగపడుతుంది.

జై కిసాన్.