బాయిలర్ మళ్లీ ఆవిరి పట్టేదాకా

దాళ్వా ధాన్యం ఆడటం అయిపోయి, సార్వా పైరు ఇంకా చేలో ఉన్న రోజుల్లో తాడేపల్లిగూడెం వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్ విప్పుతారు. మన బ్రాడ్‌గేజి పట్టాల మీద ఆవిరి ఇంజన్లు 1995తో ఆగిపోయాయి. వాటి పొట్టలోని ఏర్పాటు మాత్రం ఇక్కడ ఊక మంట మీద ఇంకా నడుస్తోంది: కొలిమి, వేడి పొగ పోయే గొట్టాలు, గొట్టాల చుట్టూ నీళ్లు. 1829 నాటి ‘రాకెట్’ ఇంజన్‌లో 25 రాగి గొట్టాలుండేవి. మిల్లు బాయిలర్‌లో ఉక్కు గొట్టాలు, లెక్కలో చాలా ఎక్కువ.

ముందు మంట ఆపి, బాయిలర్‌ని దానంతటదే చల్లారనివ్వాలి. ఇక్కడే తొందరపడతారు. వేడి మీద నీళ్లు వదిలేస్తే లోపలి బురద గొట్టాలకు పట్టి పెచ్చుగా ఎండిపోతుంది, రేకులు ఒక్కోచోట ఒక్కోలా ముడుచుకుని అతుకులు లాగుతాయి. ఒత్తిడి సున్నాకి దిగాక పైన గాలి కాక్ తెరవాలి. లేకపోతే మిగిలిన ఆవిరి నీరై లోపల శూన్యం ఏర్పడుతుంది. పూర్తిగా చల్లబడ్డాకే నీళ్లు వదలడం, మ్యాన్‌హోల్ మూత తీయడం.

పొగ వైపు పని బూడిదతో. ఊక తూకంలో దాదాపు ఐదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా. వేళ్ల మధ్య నలిపితే సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది. ఏడాది పొడుగునా పొగతోపాటు పరిగెత్తి గొట్టాల మూతుల్ని అదే అరగదీస్తుంది. పొడవాటి కడ్డీకి తీగ బ్రష్ కట్టి ఒక్కో గొట్టాన్నీ తోమాలి.

నీళ్ల వైపు శత్రువు సున్నపు పొర. కొల్లేరు దిక్కుకి పోయేకొద్దీ చాలాచోట్ల బోరునీరు ఉప్పన. అలాంటి నీరు శుద్ధి చేయకుండా పోస్తే పొర త్వరగా మందమవుతుంది, ఊక ఎక్కువ తగలేయాల్సి వస్తుంది. గోదావరి కాలువ నీళ్లు దొరికిన మిల్లు ఆ మేరకు అదృష్టం చేసుకున్నట్టే.

పాడైన గొట్టం మార్చడం చూసి తీరాలి. పాతదాన్ని కోసి లాగేసి, రేకులోని రంధ్రాన్ని మెరిసేదాకా శుభ్రం చేసి, కొత్తది దూరుస్తారు. దాని మూతిలో ఎక్స్‌పాండర్ పెడతారు. చిన్న రోలర్లున్న పనిముట్టు అది. తిప్పేకొద్దీ రోలర్లు బయటికి జరిగి గొట్టాన్ని లోపలినుంచి రేకుకేసి అదుముతాయి. మొదట సులువుగా తిరుగుతుంది, తర్వాత చెయ్యి బిగుస్తుంది. అక్కడ ఆపాలి. ఇంకో చుట్టు తిప్పితే గొట్టం గోడ పలచబడుతుంది. ఆ చోటు మేస్త్రీ మణికట్టుకే తెలుస్తుంది. ఆయన కూలి దగ్గర బేరమాడే యజమానుల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

కొత్త ప్యాకింగులు వేసి మూతలు బిగించాక నీటి పరీక్ష. గాలి బుడగ మిగలకుండా బాయిలర్ నిండా నీళ్లు నింపి, పంపుతో నడిచే ఒత్తిడి కంటే పైకి ఎక్కిస్తారు. నీళ్లెందుకంటే, అవి దాదాపు నొక్కుకుపోవు. ఎక్కడైనా లోపముంటే కారి ఊరుకుంటాయి. అదే ఆవిరైతే పేలుతుంది. ఇన్‌స్పెక్టర్ టార్చి పట్టుకుని ఒక్కో గొట్టం మూతీ చూస్తారు. ఒక్క తడి చుక్క కనిపించినా పని మళ్లీ మొదటికి. 1923 నాటి బాయిలర్ల చట్టం కింద సర్టిఫికెట్ గడువు ఏడాదికి మించేది కాదు. రైల్వే ఇంజన్ల బాయిలర్లను ఆ చట్టం తన పరిధిలోంచి తప్పించింది; మిల్లువాళ్లకు ఆ వెసులుబాటు లేదు, ఉండకూడదు కూడా. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది.

ఇక మంట. గేజి గ్లాసులో నీళ్లు సగానికి చూసుకుని, కాసింత ఊకతో మొదలుపెడతారు. చాలాసేపు ఏమీ జరిగినట్టుండదు. గాలి కాక్‌లోంచి ముందు ఉఫ్‌మని గాలి, తర్వాత తడి పొగ, ఆపైన ఆగకుండా తెల్లటి ఆవిరి వస్తుంది. అప్పుడు కాక్ మూస్తారు. గేజి ముల్లు కదులుతుంది. నిర్ణయించిన అంకె దగ్గర సేఫ్టీ వాల్వ్ తనంతట తాను లేచి, మిల్లంతా దద్దరిల్లేలా ఊది, మళ్లీ కూర్చోవాలి. అది చూశాకే బాయిలర్ అటెండెంటు కుర్చీలో కూర్చుంటాడు.

నానబెట్టిన ధాన్యం మీదికి ఆవిరి వదులుతారు. కాసేపటికి పొట్టు నోళ్లు విచ్చుకుంటాయి, ఉడికిన వడ్ల వాసన రోడ్డు దాకా వస్తుంది.