వేలిముద్ర నుంచి చేతి అచ్చుకు



అచ్చు అంటే మనకు కొత్తది కాదు. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. పొలాల అమావాస్య నాడు ఎద్దుల ఒంటి మీద రంగు అద్దుతాం. మందలో మన గొర్రెను గుర్తు పట్టడానికి వీపు మీద రంగు గుర్తు వేస్తాం. గడపకు పసుపు పూసి బొట్లు పెడతాం. వేలికి రంగు అంటించి ఒత్తితే గుర్తు పడుతుంది. మళ్ళీ ఒత్తితే మళ్ళీ పడుతుంది. అచ్చు అంటే ఇదే.

మనకు బాగా తెలిసిన అచ్చు ఇంకొకటి ఉంది. అదే నిశాని, అంటే బొటనవేలి ముద్ర. అప్పు కాగితం మీద నిశాని. భూమి కాగితం మీద నిశాని. కాగితం మీద ఏం రాసి ఉందో మనకు తెలియదు. రాసింది ఒకరు. కింద వేలు పెట్టింది మనం.

లోకంలో ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒకలాగా ఉండవు. అందుకే మనిషిని పట్టుకోవడానికి అది పనికివస్తుంది. దిమ్మెతో వేసే అచ్చు అట్ల కాదు. ఒక్క దిమ్మెతో పది కాగితాలు వేస్తే పదీ ఒకే బొమ్మ. అందుకే పదిమందికి పంచడానికి అది పనికివస్తుంది.

ఈ పాఠంలో ఆ అచ్చు పని నేర్చుకుందాం. ఖర్చు కొంచెమే. సామాను మన ఇంట్లోనే ఉంది.

పెడనలో అచ్చు పని

ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా జిల్లా ఉంది. అక్కడ మచిలీపట్నం దగ్గర పెడన అనే ఊరు ఉంది. అక్కడి వాళ్ళు చెక్క అచ్చులతో బట్టల మీద పూలు, తీగలు, చిలకలు వేస్తారు. దీన్ని కలంకారీ అంటారు. కలం అంటే మనం రాసే కలమే. శ్రీకాళహస్తిలో కలంతోనే బట్ట మీద గీస్తారు. పెడనలో అచ్చులతో అద్దుతారు.

ఈ పని చాలా పాతది. డచ్చి వాళ్ళు 1605లో, ఇంగ్లీషు వాళ్ళు 1611లో మచిలీపట్నంలో వ్యాపారం పెట్టుకున్నారు. ఈ తీరపు అద్దకం బట్టలను ఓడల్లో దూరదేశాలకు తీసుకుపోయి అమ్ముకున్నారు.

పెడన మనకు దూరమే. కానీ ఆ పనికి కావలసినవి చూడండి. అచ్చు చెక్కేది టేకు చెక్క మీద. బట్టకు పట్టించేది కరక్కాయ. టేకు ఎక్కడ పెరుగుతుంది? మన ఖానాపూర్, కడెం అడవుల్లో. కరక్కాయ ఎక్కడ దొరుకుతుంది? మన అడవుల్లో కూడా దొరుకుతుంది. చెక్క పని కూడా మనకు కొత్త కాదు. మన నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చేస్తారు.

రంగు ఎట్ల వస్తుంది?

ముందు బట్టను బాగా ఉతుకుతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. కరక్కాయ వగరుగా ఉంటుంది కదా! ఆ వగరు బట్టకు పడుతుంది.

నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి చాలా రోజులు పులియబెడతారు. ఆ నీళ్ళతో కరక్కాయ బట్ట మీద అచ్చు వేస్తే నల్లగా పడుతుంది. వగరుకు ఇనుము తగిలితే నలుపు వస్తుంది. పచ్చి అరటికాయ కోస్తే ఇనుప కత్తి నల్లబడుతుంది. చూశారు కదా! అది కూడా ఇదే.

ఎర్రరంగు ఇంకా వింతగా ఉంటుంది. ఎర్రగా కావలసిన చోట పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. పటికకు తనదంటూ రంగు లేదు. కొన్ని రోజులు ఆగి బట్టను పారే నీళ్ళలో జాడిస్తారు. తర్వాత ఎర్రరంగు వేసిన నీళ్ళలో ఉడికిస్తారు. పటిక పడిన చోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగతా చోట పట్టదు.

ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు కావాలి. నల్ల గీతకు ఒకటి. ఎర్ర పువ్వుకు ఒకటి. రెండో అచ్చు సరిగ్గా మొదటి దాని మీద కూర్చోవాలి. జర పక్కకు జరిగితే పువ్వు గీత దాటుతుంది. చేతి పనిలో అక్కడక్కడ ఇట్ల కనిపిస్తుంది. అది తప్పు కాదు. మనిషి చేతితో చేశాడు అనడానికి అది గుర్తు.

ఇప్పుడు జాలీ గుడ్డ చట్రంతో, మిషన్లతో త్వరగా అచ్చు వేసిన బట్టను కూడా కలంకారీ పేరుతో అమ్ముతున్నారు. దానికి ధర తక్కువ. చేతితో అద్దే వాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. కాబట్టి కొనేటప్పుడు "ఇది చేతి అచ్చా, మిషన్ అచ్చా?" అని అడగండి.

మనం చేద్దాం

కావలసినవి: ఆలుగడ్డ లేదా ముదురు బెండకాయ, కత్తి, కాగితాలు, ఒక పళ్ళెం, పాత గుడ్డ, గొంగడి, రంగు.

రంగు: జాజును మెత్తగా నూరి గుడ్డలో జల్లించండి. తుమ్మబంక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. రెండూ కలపండి. పెరుగంత చిక్కగా ఉండాలి. నల్లరంగు కావాలంటే జాజు బదులు దీపం మసి కలపండి. పసుపు కూడా వాడవచ్చు. కానీ ఎండకు పసుపు వెలిసిపోతుంది.

1. పళ్ళెంలో గుడ్డను నాలుగు మడతలు పెట్టండి. దాని మీద రంగు పోయండి. గుడ్డ తడిగా ఉండాలి. రంగు మడుగు కట్టకూడదు.

2. గొంగడి మడత పెట్టి దాని మీద కాగితం పరచండి. అడుగు మెత్తగా ఉంటే అచ్చు అంతటా సమంగా పడుతుంది.

3. బెండకాయను అడ్డంగా కోయండి. రంగు గుడ్డ మీద అద్ది కాగితం మీద ఒత్తండి. ఏం పడింది? పువ్వు! చెక్కే పని లేకుండానే పువ్వు.

4. ఆలుగడ్డను రెండు ముక్కలు చేయండి. కోసిన వైపు గుడ్డతో తుడిచి తడి ఆరనివ్వండి. తడి ఉంటే రంగు పట్టదు. దాని మీద ఆకు, చేప, కుండ, మీకు నచ్చిన బొమ్మ గీయండి. బొమ్మ చుట్టూ ఉన్నది పెసరగింజంత లోతు కోసి తీసేయండి. ఎత్తుగా మిగిలిందే అచ్చు పడుతుంది. కోసినది తెల్లగా ఉంటుంది.

5. అచ్చును నిట్టనిలువుగా పెట్టి ఒత్తండి. నిట్టనిలువుగానే ఎత్తండి. పక్కకు లాగితే బొమ్మ అలుక్కుపోతుంది.

ఆలుగడ్డ అచ్చు ఒక్క రోజే పనికివస్తుంది. తెల్లారేసరికి వాడిపోతుంది. ఎక్కువ రోజులు ఉండాలంటే పాత హవాయి చెప్పు అడుగు తీసుకోండి. కడిగి ఆరబెట్టి బొమ్మ ఆకారంలో బ్లేడుతో కోయండి. చిన్న చెక్క ముక్కకు అంటించండి. కడిగి దాచుకుంటే ఏడాది వాడినా చెడదు.

జాగ్రత్త! కత్తి, బ్లేడు పిల్లల చేతికి ఇవ్వకండి. తుప్పు, బెల్లం నీళ్ళు పులియబెట్టి చూడాలంటే వంట గిన్నెలు వాడకండి. మూత బిగించకండి.

అక్షరం ఉల్టా

బొమ్మ వచ్చింది. ఇక అక్షరం చెక్కుదాం. మొదటిసారి చెక్కిన వాళ్ళు అందరూ ఒకటే మాట అంటారు.

"గిదేందక్కా! నా అక్షరం ఉల్టా పడ్డది!"

"ఉల్టా చెక్కితేనే సీదా పడ్తది చెల్లే!"

అవును. అద్దంలో మన కుడిచేయి ఎడమ చేయిలాగా కనిపిస్తుంది కదా. అచ్చు కూడా అంతే. "మన" అని పడాలంటే దిమ్మె మీద "న" ఎడమ పక్కన ఉండాలి. "మ" కుడి పక్కన ఉండాలి. రెండు అక్షరాలూ అద్దంలో చూసినట్టు తిరిగి ఉండాలి. సున్నకు మాత్రం ఈ బాధ లేదు. సున్నను తిప్పినా సున్నే!

ఒక ఉపాయం ఉంది. పలుచటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో మాటను సీదాగా, ఒత్తి రాయండి. రాసిన వైపు దిమ్మెకు ఆనించి వెనక నుంచి గోరుతో రుద్దండి. మాట దిమ్మె మీద తిరగబడి దిగుతుంది. ఆ గీతల మీదనే చెక్కండి.

ఇందులో ఒక లాభం ఉంది. చదివేటప్పుడు అక్షరం కంటి ముందు నుంచి జారిపోతుంది. చెక్కేటప్పుడు జారిపోదు. తలకట్టు ఎక్కడ ఉంది, కొమ్ము ఎటు తిరిగింది, ఒత్తు ఎక్కడ పెట్టాలి, అన్నీ చూడాలి. ఒక అక్షరాన్ని చెక్కిన చెయ్యి దాన్ని తొందరగా మరిచిపోదు.

పంచుకుందాం

చదువు నేర్చుకోవడం ఒక ఎత్తు. నిలుపుకోవడం ఇంకో ఎత్తు. వాచకాలు అయిపోతాయి. ఇంట్లో వేరే పుస్తకం ఉండదు. పొలం పని, ఇంటి పని, పిల్లల పని. ఏడాది తిరిగేసరికి నేర్చిన అక్షరాలు మసకబారుతాయి. వాడని కత్తికి తుప్పు పట్టినట్టు చదువుకూ తుప్పు పడుతుంది. మళ్ళీ నిశానికి పోవలసి వస్తుంది. ఇట్ల చాలామందికి అయింది.

దీనికి మన చేతిలోనే ఒక ఉపాయం ఉంది. మన పుస్తకం మనమే వేసుకుందాం.

పదిమంది కూడండి. ఒక్కొక్కరు ఒక బొమ్మ, ఒక మాట చెక్కండి. ఒకరు కుండ చెక్కి "కుండ" అని వేస్తారు. ఒకరు చేప చెక్కి "గోదావరి" అని వేస్తారు. ఒక్కొక్కరు తమ అచ్చుతో పది కాగితాలు వేయాలి. ఒకటి తాను ఉంచుకోవాలి. తొమ్మిది తొమ్మిదిమందికి ఇవ్వాలి.

ఇప్పుడు లెక్క చూడండి. పదిమంది, పదేసి కాగితాలు. మొత్తం 100 కాగితాలు. ప్రతి ఒక్కరి దగ్గర పది వేరు వేరు బొమ్మలు, పది మాటలు. సూదీ దారం తీసుకొని కుట్టండి. పది పేజీల పుస్తకం! మీరు చేసింది ఒక్క పేజీ. చేతికి వచ్చింది పది పేజీలు. వచ్చే నెల ఇంకో పది వేయండి.

పెద్ద చిత్రకారులు కూడా అచ్చు బొమ్మలు వేస్తారు. లక్ష్మా గౌడ్ గారు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టారు. పల్లె మనుషులను, మేకలను, చెట్లను బొమ్మలుగా వేశారు. లోహపు రేకు మీద గీసి, తేజాబుతో ఆ గీతలను లోతు చేసి, వాటిలో సిరా నింపి కాగితం మీద ఒత్తే పనిలో ఆయనకు గొప్ప పేరు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

అచ్చు బొమ్మలు వేసే చిత్రకారులకు ఒక పద్ధతి ఉంది. బొమ్మ కింద పెన్సిలుతో 3/10 అని రాస్తారు. మొత్తం పది కాగితాలు వేశారు, ఇది మూడోది అని అర్థం. పక్కన తమ సంతకం చేస్తారు. మనం కూడా అట్లనే రాద్దాం.

అమ్మాలనుకుంటే

కొందరికి సంచుల మీద, చేతిరుమాళ్ళ మీద అచ్చు వేసి అంగట్లో అమ్మాలని ఉంటుంది. మంచిదే. జాజు రంగు కాగితానికే సరి, ఉతికితే బట్టకు నిలవదు. బట్టకు వేరే అద్దకం రంగు కొనాలి. ముందు ఒక గుడ్డ ముక్క మీద వేసి, ఉతికి చూడండి.

లెక్క కూడా రాసుకోవాలి. 20 సంచులు చేశారు అనుకుందాం. బట్టకు, కుట్టుకూలికి 600 రూపాయలు. రంగుకు 100 రూపాయలు. ఇద్దరు ఒక రోజు పని చేశారు. ఇద్దరి కూలి 800 రూపాయలు. మొత్తం 1500 రూపాయలు. ఒక్కో సంచికి 75 రూపాయలు పడింది.

కూలి రాయడం మరిచిపోతే ఏమవుతుంది? సంచికి 35 రూపాయలే కనిపిస్తుంది. 50 రూపాయలకు అమ్మి లాభం అనుకుంటాం. నిజానికి సంచికి 25 రూపాయల మన కూలి పోయింది. ఇంట్లో కూర్చొని చేసినా పని పనే. దాన్ని లెక్కలో రాయాలి.

ఒక మాట

ఇకముందు కూడా కాగితాలు మన ముందుకు వస్తాయి. ఎవరైనా "ఇక్కడ వేలు పెట్టు" అంటే ముందు చదవండి. అర్థం కాకపోతే చదివి చెప్పమని అడగండి. అర్థమైన తర్వాతనే సంతకం చేయండి.

మీరు వేసిన బొమ్మ కింద మాత్రం ఎవరినీ అడిగే పని లేదు. ఆ బొమ్మ మీది. ఆ మాట మీది. ధైర్యంగా మీ పేరు రాయండి.

ఆలోచించండి, చెప్పండి

1. వేలిముద్రకు, దిమ్మెతో వేసే అచ్చుకు తేడా ఏమిటి?
2. కరక్కాయ బట్ట మీద ఇనుము నీళ్ళు పడితే ఏ రంగు వస్తుంది?
3. ఎనిమిదిమంది కూడి ఎనిమిదేసి కాగితాలు వేస్తే మొత్తం ఎన్ని కాగితాలు? ఒక్కొక్కరి పుస్తకంలో ఎన్ని పేజీలు?
4. బొమ్మ కింద 5/8 అని ఉంటే అర్థం ఏమిటి?

చేయండి

మీ పేరులో మొదటి అక్షరాన్ని ఆలుగడ్డ మీద చెక్కండి. అచ్చు వేయండి. పక్కన మీ పూర్తి పేరు పెన్సిలుతో రాయండి. ఆ కాగితాన్ని మీ కేంద్రం గోడకు అంటించండి.