పాత పాట మెల్లగా, కొత్త పాట గట్టిగా

ప్రశ్న: నా చిన్న ప్లేయరులో ఘంటసాలవారి పాట సరిగా వినఁబడదు, వెంటనే వచ్చు నేఁటి పాట చెవులకు చిల్లులు పొడుచును. ఉపాయమేమి?
— ఒక పాఠకుఁడు, కార్ఖానా, సికింద్రాబాదు

జవాబు: లోపము మీ యంత్రమున లేదు. పాత పాటల ప్రతులు పెక్కింటిలో సగటు ధ్వని శిఖరమునకు మిక్కిలి దిగువనుండఁగా, నేఁటివారు హెచ్చుతగ్గులను నొక్కివైచి సగటునే శిఖరమున కెక్కించుచున్నారు. నాకు రుచింపని పద్ధతి యిది. ‘ఎంపీ3గెయిన్’ అను ఉచిత సాధనము ప్రతి పాట బిగ్గరతనమును గణించి, దస్త్రములోని ధ్వనిస్థాయి సంఖ్యను మాత్రమే 1.5 డెసిబెళ్ల మెట్లుగా సవరించును గాన, పాటను మరల కుదింపవలసిన పనియు లేదు, నాణ్యతయుఁ జెడదు. అందు ముందుగనే యుండు 89 డెసిబెళ్ల లక్ష్యమును కదపకుఁడు. ‘మాయాబజార్’ పాటలన్నియు వరుసగా వినఁగోరినచో ‘ఆల్బమ్’ పద్ధతి నెన్నుకొనుఁడు. లేనిచో జోలపాటయు జయఘోషయు నొకే బిగ్గరతనముతో మ్రోగును. ఈ సాధనము ఎంపీ3 దస్త్రములకే గాన, ఫ్లాక్ దస్త్రములకు మాత్రము బిగ్గరతనపు సవరణను తెలుపు రీప్లేగెయిన్ గుర్తులను చదువఁగల ప్లేయరే కావలెను.