పక్కింటివాళ్లు నిద్ర లేవకుండా ‘బీనో’ టోన్

1966లో జాన్ మేయల్ బ్లూస్‌బ్రేకర్స్‌తో లండన్‌లోని డెక్కా స్టూడియోకు వెళ్లిన ఎరిక్ క్లాప్టన్, స్టేజీ మీద ఎంత వాల్యూమ్ పెడతాడో అక్కడా అంతే పెట్టాడు. లెస్ పాల్ గిటారు, మార్షల్ కాంబో యాంప్, అంతే సరంజామా. ఆల్బమ్ అట్ట మీద ‘బీనో’ కామిక్ చదువుతూ కనిపిస్తాడు కాబట్టి గిటారిస్టులకు అది బీనో ఆల్బమ్. అంత మోత అపార్ట్‌మెంట్‌లో పెడితే మర్నాడు అసోసియేషన్ మీటింగే. యాంప్‌ను అనుకరించే ప్లగిన్ గానీ మోడలర్ గానీ ఉంటే హెడ్‌ఫోన్లలోనే చాలా దగ్గరికి వెళ్లొచ్చు.

1. క్లాప్టన్ మార్షల్ కాంబోలోని సర్క్యూటే అయిన జేటీఎం45 మోడల్ ఎంచుకోండి. చాలా మోడలర్లలో కంపెనీ పేరు ఉండదు, ‘బ్రిట్’, ‘45’ లాంటి మారుపేర్లు వెతకాలి. మార్షల్ దీన్ని ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ చూసి కట్టింది కాబట్టి, అది దొరక్కపోతే ట్వీడ్ బాస్‌మన్ పెట్టుకోవచ్చు. జేసీఎం800 వద్దు, అది ఎనభైల రాక్ గొంతు.

2. అసలు కిటుకు ఇక్కడుంది. ఆ యాంప్‌కి మాస్టర్ వాల్యూమ్ లేదు. వాల్యూమ్ పెంచితే ప్రీయాంప్‌తో పాటు పవర్ ట్యూబులు, స్పీకర్లు కూడా అలసిపోయి అరుస్తాయి. మనవాళ్లు మాస్టర్ తగ్గించి గెయిన్ పదికి తిప్పుతారు. వచ్చేది తేనెతుట్టె కదిపినట్టు జుమ్మనే రొద. మోడలర్‌లో మాస్టర్ ఉంటే పూర్తిగా తెరిచేయండి. తర్వాత డ్రైవ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచండి. మెత్తగా మీటితే స్వరం శుభ్రంగా, గట్టిగా మీటితే బొంగురుగా రావాలి. రెండూ ఒకేలా వినిపిస్తే డ్రైవ్ ఎక్కువైనట్టే. చెవికి మోత ఎక్కువైతే తగ్గించాల్సింది చివరి అవుట్‌పుట్ లెవెల్‌ని. దానివల్ల యాంప్ టోన్ మారదు.

3. ‘సాగ్’ నాబ్ ఉంటే సగం దాటించండి. జేటీఎం45లో రెక్టిఫయర్ కూడా ట్యూబే. గట్టిగా మీటగానే వోల్టేజీ కుంగి, స్వరం ఒక్క క్షణం అణిగి మళ్లీ ఉబుకుతుంది. పొడుగ్గా సాగే నోట్ల అందం దాన్లోనే ఉంది.

4. గిటారును ఆడియో ఇంటర్‌ఫేస్‌లో ‘ఇన్‌స్ట్రుమెంట్’ ఇన్‌పుట్‌కే పెట్టండి. సిగ్నల్ మితిమీరిందని చెప్పే ఎర్ర లైటు వెలగకూడదు.

5. క్యాబినెట్‌కి వెనక తెరిచిన, రెండు 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్ల ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) తీసుకోండి. మైకును స్పీకర్‌కి ఆనించి తీసినది కాకుండా దూరం నుంచి తీసినది ఉంటే అది మేలు. గది గాలి లేని బ్లూస్ టోన్ చప్పగా ఉంటుంది. రివర్బ్ చిన్న గదిది చాలు. 80 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి.

6. హంబకర్ పికప్ ఉన్న గిటారు కావాలి. ఏ ఏడాది మోడలో అని బెంగ పడొద్దు, క్లాప్టన్ వాయించిన ఆ లెస్ పాల్ 1966లోనే దొంగల పాలైంది. రిథమ్‌కి గిటారు మీది వాల్యూమ్ ఆరుకి దించండి, సోలోకి పదికి ఎత్తండి. ప్యాచ్ మార్చే పనే ఉండదు.

7. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్, ట్రెబుల్ రెండూ తక్కువగా ఆనుతాయి. రాత్రి గుసగుస స్థాయిలో కుదిర్చిన ఈక్యూ పగలు గట్టిగా పెడితే గీరుకుంటుంది. ఆల్బమ్‌లోని ‘హైడ్‌అవే’ పక్కన పెట్టుకుని, రెండింటి మోతా సమానం చేశాకే పోల్చండి.

8. క్లాప్టన్ రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టర్ వాడాడా లేదా అన్న పంచాయితీ ఇంకా తెగలేదు. ముందు అది లేకుండానే కుదర్చండి. సోలో పలచగా అనిపిస్తేనే యాంప్ ముందు తగిలించి, డ్రైవ్ కాస్త వెనక్కి తిప్పండి.