మీ సైకిల్ వెనక చక్రం: ఫ్రీవీలు, హబ్బు ఎప్పుడు మార్చాలి?

(బడికొస్తా పథకంలో సైకిల్ అందుకున్న విద్యార్థినులకు, తల్లిదండ్రులకు)

పెడల్ జారుతోందా?
తొక్కుతుంటే పెడల్ ఒక్కసారిగా జారి ఖాళీగా తిరిగితే, ఫ్రీవీలు లోపలి కొక్కేలు పట్టడం లేదన్నమాట. లేచి నిలబడి తొక్కేటప్పుడు ఇలా అయితే కింద పడతారు. ముందు దుమ్ము తీయించి, పలుచని నూనె రెండు చుక్కలు వేయించండి. గ్రీజు వద్దు, కొక్కేలు అంటుకుపోతాయి. అప్పటికీ జారితే మార్చాల్సిందే.

ఎన్ని పళ్లది కొనాలి?
పాతదాని పళ్లు లెక్కపెట్టుకుని షాపుకు వెళ్లండి. పెడల్ దగ్గరి పళ్లచక్రానికి 44, ఫ్రీవీలుకు 18 పళ్లుంటే, పెడల్ ఒక చుట్టుకు వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. బడి దారిలో ఎత్తులు ఎక్కువైతే 20 పళ్లది తీసుకోండి. తొక్కడం తేలిక, వేగం కాస్త తగ్గుతుంది. చైను సాగిపోయి ఉంటే రెండూ కలిపే మార్చండి. లేకపోతే కొత్త పళ్లు త్వరగా అరుగుతాయి.

హబ్బు సంగతి
చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపండి. లొడలొడలాడితే కోన్ బిగిస్తే సరిపోవచ్చు. బిగించినా గరగరమంటే బాల్సు, కోన్లు మార్చి గ్రీజు పెట్టించండి. బాల్సు తిరిగే గిన్నెల్లో గుంటలు పడితేనే కొత్త హబ్బు కొనండి. చువ్వల రంధ్రాలు పాతదానికి ఎన్ని ఉంటే అన్నే ఉండాలి.

"మొత్తం చక్రమే మార్చాలి" అని ఎవరైనా అంటే, ఏది అరిగిందో విప్పి చూపించమని అడగండి. చూశాకే డబ్బు ఇవ్వండి.